మా బాబు స్పీచ్ థెరపీ ప్లాన్: ఫిబ్రవరి నుంచి ఇప్పటిదాకా మాకు జరిగింది

ఫిబ్రవరి 6న పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి మా బాబుకి 2 ఏళ్ళ 5 నెలలు. ఎన్ని మాటలు చెప్తాడమ్మా అని అడిగితే చాలానే చెప్తాడండి అన్నా, కాదు, లెక్క చెప్పండి అన్నారు, వేళ్ళ మీద లెక్కపెడుతూ 11 దగ్గర ఆగిపోయా. అందులో నాలుగు ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ అర్థం కావు. రెండేళ్ళకల్లా కనీసం 50 మాటలు, రెండేసి మాటలు కలపడం ఉండాలని నేను విన్నది ఆ రోజే. అప్పటిదాకా ఇంట్లో అందరూ మగపిల్లలకి మాటలు ఆలస్యమేలే, వాళ్ళ నాన్న కూడా మూడేళ్ళకి గానీ నోరు విప్పలేదు అంటుంటే నేనూ ఆ మాటే పట్టుకుని కూర్చున్నా. వాళ్ళ నాన్న సంగతి చెప్పగానే డాక్టర్ పెన్ను తీసి రాసుకున్నారు. కుటుంబంలో ఒకరికి మాటలు ఆలస్యమైతే పిల్లాడి విషయంలో ఇంకా ముందే జాగ్రత్తపడాలట. మేం ధైర్యం కోసం చెప్పుకున్న మాటే అక్కడ రిస్క్ కింద ఎక్కింది.

స్పీచ్ థెరపీకి రాస్తారనుకున్నా, ముందు వినికిడి టెస్ట్ రాశారు. ఫోన్ మోగితే పరిగెత్తుకొస్తాడు, తలుపు చప్పుడైతే తిరిగి చూస్తాడు, ఇంక వినికిడికి ఏమైందండి అని అడిగా. చప్పుళ్ళు వినబడటం వేరు, మాటలోని సన్న శబ్దాలు కూడా రెండు చెవులకీ సరిగ్గా అందడం వేరు, అది తేలకుండా ఏ ప్లాన్ వేసినా గుడ్డిగా వేసినట్టే అన్నారు. డేట్ దొరకడానికే 19 రోజులు పట్టింది. ఆ వినికిడి టెస్ట్ పేరు బెరా, అంటే తల మీద, చెవుల వెనక స్టిక్కర్లు అంటించి చెవిలోకి శబ్దాలు పంపిస్తూ నరం నుంచి సిగ్నల్ వస్తుందా లేదా చూస్తారు, అంతసేపూ పిల్లాడు కదలకుండా నిద్రపోవాలి. నిద్రమందు వద్దు మామూలు నిద్రలోనే చేద్దాం అనుకున్నాం కాబట్టి ఫిబ్రవరి 25న తెల్లారుజామున నాలుగింటికే లేపి, దారి పొడుగునా కునుకు తియ్యనీకుండా తీసుకెళ్ళాం. అక్కడికెళ్ళాక నిద్రపోయాడు, రెండో స్టిక్కర్ అంటిస్తుంటే ఉలిక్కిపడి లేచి ఒకటే ఏడుపు. మళ్ళీ డేట్ మార్చి 9కి ఇచ్చారు. ఈసారి వాడి దుప్పటి, తలగడ పట్టుకెళ్ళా, స్టిక్కర్లు ముందే అంటించెయ్యండి, నా భుజం మీద ఆడుకుంటుండగానే, తర్వాత పడుకోబెడతా అని అడిగా, సరే అన్నారు, గంటలో అయిపోయింది. ఇది ఎవరూ చెప్పరు, మీరే అడగాలి.

నరం రిపోర్ట్ బాగుంది. కానీ అదే రోజు చేసిన ఇంకో చిన్న టెస్ట్‌లో, చెవిలో మెత్తటి మొన పెట్టి గాలి ప్రెషర్ చూస్తారు, నిమిషం కూడా పట్టదు, దాంట్లో ఎడమ చెవి కర్ణభేరి వెనక నీరు చేరిందని తేలింది. జలుబు చేసినప్పుడు చేరుతుంది, చాలామందికి దానంతటదే పోతుంది, మూడు నెలలు ఆగి మళ్ళీ చూద్దాం అన్నారు. ఆ నీరు ఉన్నన్నాళ్ళు మాట మసకమసగ్గా వినిపిస్తుందట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వెనకనుంచి పిలిచి, పలకట్లేదని ఎన్నిసార్లు విసుక్కున్నానో అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

మార్చి 16న ఒక స్పీచ్ థెరపీ సెంటర్‌లో చేర్చాం. పేరు చెప్పను. 40 నిమిషాలు చూసి అప్పటికప్పుడు ఒక ప్రింట్ చేతిలో పెట్టారు, జంతువుల పేర్లు 20, శరీర భాగాలు 10, రంగులు 5, వారానికి 5 సెషన్లు, మూడు నెలల డబ్బు ముందే కట్టాలి. పక్క కుర్చీలో ఉన్న ఇంకో అమ్మ చేతిలో కాగితం చూస్తే అక్షరం తేడా లేకుండా మాదే, వాళ్ళ పాపకి నాలుగేళ్ళు దాటాయి. సెషన్లో తల్లిదండ్రులు లోపల ఉండకూడదన్నారు. ఇంట్లో తెలుగు ఆపేసి ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడండి, రెండు భాషలైతే పిల్లాడు కన్ఫ్యూజ్ అవుతాడు అని కూడా చెప్పారు. మా అమ్మకి ఇంగ్లిష్ రాదు. పగలంతా వాడితో ఉండేది ఆవిడే, దాంతో ఆ మూడు వారాలూ పాపం ఏం మాట్లాడితే ఏం తప్పో అని నోరు కట్టుకుని కూర్చుంది. అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

మూడో వారానికి ఏనుగు బొమ్మ చూపిస్తే "ఏను" అంటున్నాడు. మేం సంబరపడ్డాం కూడా. కానీ ఇంటికొచ్చాక దాహమేస్తే మాత్రం నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి నీళ్ళ బాటిల్ ముందు నిలబెట్టి ఏడవడమే, అందులో ఏ మార్పూ లేదు. వాడి రోజులో ఏనుగుతో వాడికి పనేముంది. సెంటర్ గుమ్మం కనబడగానే నా చున్నీ పట్టుకుని వేలాడిపోవడం మొదలైంది, ఏప్రిల్ 4 తర్వాత మానిపించేశాం. కట్టినదాంట్లో సగానికి పైగా వెనక్కి రాలేదు. ఎక్కడ చేర్చినా నెలనెలా కట్టే వీలుందా, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు అని మొదటి రోజే అడిగి, కాగితం మీద రాయించుకోండి.

తర్వాత దొరికిన థెరపిస్ట్ మేడమ్ దగ్గర ఆరు వారాల వెయిటింగ్. ఏప్రిల్ 6న పేరు రాయిస్తే మే 18కి డేట్ వచ్చింది. ఆ ఆరు వారాలూ చాలా భారంగా గడిచాయి, రోజులు పోతున్నాయి, వాడు పెద్దవాడైపోతున్నాడు అని ఒకటే దిగులు. కానీ మేడమ్ ఫోన్లోనే రెండు పనులు చెప్పారు. ఒకటి, వాడు చెప్పే ప్రతి మాటా, ఎప్పుడు, ఎవరితో, దేనికోసం అన్నాడో నోట్‌బుక్‌లో రాయడం. రెండోది, వాడితో మేం మామూలుగా ఉన్నప్పుడు ఐదేసి నిమిషాల వీడియోలు మూడు, స్నానం చేయించేటప్పుడు, ఆడుకునేటప్పుడు, బయటికి బయల్దేరేటప్పుడు. అందంగా తియ్యక్కర్లేదు, ఇల్లు సర్దక్కర్లేదు అన్నారు. నోట్‌బుక్ రాయడం మొదలుపెట్టాక ఒకటి బయటపడింది, వాడి మాటలన్నీ వస్తువుల పేర్లే, అడగడానికి, వద్దనడానికి, రమ్మనడానికి ఒక్క మాట కూడా లేదు.

అసెస్‌మెంట్ మూడు రోజులు నడిచింది, మే 18, 22, 29. మొదటి రోజు గంటన్నర మాతోనే, పుట్టుక, జబ్బులు, నిద్ర, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఎవరు ఏ భాష మాట్లాడతారు, రోజు ఎలా గడుస్తుంది, అన్నీ అడిగారు. చెవి రిపోర్ట్ చూసి కుర్చీ జరిపి వాడికి కుడివైపు కూర్చున్నారు. ఎవరూ చెప్పకుండానే అలా జరగడం చూసి నాకు సగం భయం పోయింది.

రెండో రోజు నేను మర్చిపోలేను. గట్టి మూత ఉన్న పారదర్శకమైన డబ్బాలో కీ ఇస్తే గెంతే కప్ప బొమ్మ పెట్టి వాడి ముందు ఉంచారు. ఇంక ఏమీ అనలేదు. ఇదేంటి అనలేదు, కావాలా అనలేదు, ఊరికే వాడి ఎత్తుకి కిందకి వంగి కూర్చున్నారు. వాడు మూత లాగాడు, రాలేదు, నేలకేసి కొట్టాడు, నా వైపు తిరిగాడు, నేను లేవబోతే మేడమ్ వద్దని చెయ్యి చూపించారు. అప్పుడు వాడు డబ్బా చూశాడు, మేడమ్ మొహం చూశాడు, మళ్ళీ డబ్బా చూసి దాన్ని ఆవిడ ఒళ్ళోకి నెట్టాడు. ఆవిడ వెంటనే "తియ్యి! తియ్యి" అంటూ మూత తీసి ఇచ్చేశారు. తర్వాత నాతో, చూశారా, అడిగాడు, మాట లేదు గానీ అడగడం ఉంది, మనం మాటలు పేర్చుకుంటూ వెళ్ళాల్సింది దీని మీదే అన్నారు. ఇన్నాళ్ళూ వాడిలో లేనివే లెక్కపెట్టుకుంటూ వచ్చా, ఉన్నది ఇదీ అని ఒకళ్ళు చూపించేసరికి అక్కడే ఏడ్చేశా.

మూడో రోజు మా వీడియోలు కలిసి చూశాం. ఆడుకునే వీడియోలో ఐదు నిమిషాల్లో నేను 23 ప్రశ్నలు అడిగా. ఇదేంటి, ఇదేం రంగు, కారెక్కడ, చెప్పు నాన్నా, చెప్పు. ఒక ప్రశ్నకీ ఇంకో ప్రశ్నకీ మధ్య రెండు సెకన్లు కూడా లేదు. వాడు ఒకసారి కారు ఎత్తి నాకు చూపించాడు, నేను చూడనేలేదు, బ్లాక్ పట్టుకుని ఇదేం రంగు అంటున్నా. మేడమ్ తప్పని అనలేదు, పిల్లాడు మాట్లాడకపోతే ఏ తల్లైనా ఎక్కువ అడుగుతుంది, అది ప్రేమే, కాస్త దారి మారుద్దాం అన్నారు.

ఆటిజమా అని నేనే అడిగా, ఆ మాట బయటికి రావడానికి నాకు మూడు రోజులు పట్టింది. చూపు కలుపుతున్నాడు, తనకి నచ్చింది మనకి చూపిస్తున్నాడు, కానీ అది నేనొక్కదాన్నే తేల్చే విషయం కాదు, డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్‌కి (పిల్లల ఎదుగుదల చూసే స్పెషలిస్ట్ డాక్టర్) చూపించండి, ఆ డేట్ వచ్చేదాకా మనం ఆగక్కర్లేదు, పేరు ఏదైనా ఇప్పుడు చెయ్యాల్సిన పని ఇదే అన్నారు. ఆ డేట్ జూలై 30కి దొరికింది, రెండు నెలలు. ముందుగా చెప్పేస్తా, ఆటిజం లక్షణాలు లేవన్నారు, భాష ఆలస్యం అని రాశారు, ఇది తాత్కాలికమా లేక భాషలోనే నిలబడిపోయే ఇబ్బందా అన్నది ఇంకాస్త పెద్దయ్యాకే తెలుస్తుందన్నారు.

రిపోర్ట్ జూన్ 5న వచ్చింది. అర్థం చేసుకోవడం వయసుకి కొంచెం వెనక, చెప్పడం చాలా వెనక. స్కోరు ఎంత అని అడిగితే, ఈ టెస్ట్ ఇంగ్లిష్ మాట్లాడే పిల్లల కోసం తయారుచేసింది, తెలుగు పిల్లాడికి ఆ నంబరు అతికించను, వాడు ఏం చేశాడో మాటల్లోనే రాశాను చూడండి అన్నారు. అప్పుడు నిరాశపడ్డా, నంబరైతే పట్టుకోవచ్చు కదా అనిపించింది. తర్వాత ఆ నాలుగు పేజీలు ఎన్నిసార్లు చదివానో, అందులో ఉన్నది పూర్తిగా మావాడే.

జూన్ 8న ప్లానింగ్ మీటింగ్, నేను, మా ఆయన, మా అమ్మ ముగ్గురం వెళ్ళాం. అమ్మని కూడా తీసుకురమ్మన్నది మేడమే. గోల్స్ అంటే ఆవిడే చెప్తారనుకున్నాం, ఆవిడ మమ్మల్ని అడిగారు, రోజులో మీకు అన్నిటికంటే కష్టంగా ఉండే టైమ్ ఏది అని. సాయంత్రం అని ముగ్గురం ఒక్కసారే అన్నాం. వాడికి ఏదో కావాలి, ఏంటో మాకు తెలీదు, పడిపోయి తల కొట్టుకుంటాడు. సరే అక్కడ్నించే మొదలుపెడదాం అన్నారు. నేను నాకోసం ఒకటి రాసుకెళ్ళా, "అమ్మ" అని పిలవాలి అని. ఆవిడ నవ్వి కాగితం పక్కనే పెట్టుకున్నారు, అది వస్తుందండి, కానీ పిలవకపోయినా మీరు ఎప్పుడూ పక్కనే ఉంటారు, వాడికి పిలవాల్సిన అవసరం రావాలి కదా, ముందు వాడి అవసరం తీరే మాటలు ఇద్దాం అన్నారు.

అలా రంగులు, అంకెలు, జంతువులు అన్నీ పక్కకి వెళ్ళిపోయాయి. మిగిలినవి ఆరు మాటలు: ఇవ్వు, తియ్యి, ఎత్తుకో, ఇంకా, వద్దు, అయిపోయింది. తెలుగులో ఇదొక సుఖం అన్నారు, "ఇవ్వు" అన్న ఒక్క మాటే పూర్తి వాక్యం, పేరు తెలియకపోయినా పని జరిగిపోతుంది. గోల్ ఇలా రాశారు: 12 వారాల్లో, స్నానం, బయటికి వెళ్ళడం, పడుకునే ముందు బొమ్మల పుస్తకం, ఈ మూడు సందర్భాల్లో, చెప్పు అని ఎవరూ అడగకుండా, మాటతో గానీ సైగతో గానీ బొమ్మ కార్డుతో గానీ 10 అవకాశాల్లో 8 సార్లు అడగాలి. ఇప్పుడు ఎంత అంటే 10కి 2. ఆ 2 అన్న అంకె వీడియోల నుంచి లెక్కపెట్టినది, అందుకే తర్వాత మెరుగయ్యాడా లేదా అన్నది మా మూడ్ మీద ఆధారపడలేదు.

సైగకి కూడా మార్కు వెయ్యడం నాకు నచ్చలేదు. సైగతో పని జరిగిపోతే ఇంక మాటెందుకు నేర్చుకుంటాడు అని వాదించా. సైగలు, కార్డులు వాడితే మాట ఆగిపోతుందని పరిశోధనల్లో ఎక్కడా తేలలేదండి, చాలామంది పిల్లలకి మాట దాని మీదుగానే వస్తుంది అన్నారు. భాష సంగతి కూడా అప్పుడే తేలింది. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావు, మీకు మనసారా వచ్చిన భాషలో మాట్లాడండి, అమ్మమ్మ గారూ మీరు ఎంత మాట్లాడితే అంత మంచిది అన్నారు. మా అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

జూన్ 12 నుంచి వారానికి ఒక్క సెషన్, 45 నిమిషాలు, అందులో 25 నిమిషాలు నేనే వాడితో ఆడాలి, ఆవిడ పక్కన కూర్చుని మెల్లగా చెప్తుంటారు. ఇంట్లో రోజుకి మూడుసార్లు పదేసి నిమిషాలు. ఒక్కో సెషన్‌కి ఫీజు మునుపటి చోటు కంటే రెట్టింపే, కానీ వారానికి ఒకటే కాబట్టి నెల మొత్తం మీద సగం కన్నా తక్కువే అయింది. అసలు ఖర్చు వేరే చోట తగిలింది, నాకు ప్రతి శుక్రవారం పూట సెలవు, రానూపోనూ చార్జీలు, అసెస్‌మెంట్‌కి విడిగా, రిపోర్ట్‌కి విడిగా. ఇవన్నీ కలిపి ముందే లెక్కేసుకోండి, మేం వేసుకోలేదు.

నేను నేర్చుకోవాల్సినవి వినడానికి చిన్నవే. ప్రశ్నలు తగ్గించు, వాడు చేస్తున్నదే చెప్పు, వాడు ఒక మాటంటే దానికి ఒకటి కలిపి తిరిగి చెప్పు, అవకాశం ఇచ్చి మనసులో పది లెక్కపెట్టు. వాడు "బయట" అంటే మనం "బయటకి వెళ్దాం" అని పూర్తిగా అనాలి, ఆ "కి" కోసం వాణ్ణి మళ్ళీ అనమనకూడదు. అన్నిటికంటే కష్టం ఆ పది లెక్కపెట్టడమే. మౌనంగా ఉంటే పిల్లాడికి అన్యాయం చేస్తున్నట్టు అనిపించేది.

తొమ్మిదో రోజు స్నానం దగ్గర, మగ్గుతో రెండుసార్లు నీళ్ళు పోసి మూడోసారి ఎత్తి ఆపా. ఒకటి, రెండు, మూడు. వాడు మగ్గు వైపే చూస్తున్నాడు. నాలుగు, ఐదు. నా మొహం చూశాడు. ఆరు. చెయ్యి చాచాడు, నా చెయ్యి వణుకుతోంది, ఇచ్చెయ్యాలనిపిస్తోంది. ఏడు దగ్గర "ఇంకా" అన్నాడు, సగం ఊపిరితో, "ఇం" వరకే గట్టిగా వినిపించింది. ఇంకా, ఇంకా నీళ్ళు అంటూ పోసేశా. ఆ పూట ఎన్ని మగ్గులు పోశానో, బాత్రూమ్ గుమ్మం దాకా నీళ్ళే.

అక్కడ్నించి అంతా సాఫీగా జరిగిందనుకోకండి. ఐదో వారంలో జలుబు, జ్వరం, చెవిలో మళ్ళీ నీరు (జూన్ 10న చూపించినప్పుడు తగ్గింది అన్నారు), వచ్చిన నాలుగు మాటలూ పోయాయి, చార్ట్‌లో 5 ఉన్నది 1కి వచ్చింది. దానికి తోడు మా ఆయన కంగారుపడి చెప్తేనే ఇస్తా అని బొమ్మ వెనక దాచడం మొదలుపెట్టారు, వాడు అడగడమే మానేసి మూలకెళ్ళి కూర్చునేవాడు. మేడమ్ అది విని ఒక లైను ప్లాన్‌లోనే చేర్చారు, పది లెక్కపెట్టాక అన్నా అనకపోయినా మాట మనం చెప్పి ఇచ్చెయ్యాలి, మాటని షరతుగా పెట్టకూడదు అని. రెండు వారాలు గోల్ తగ్గించి, మాటల లెక్క పక్కన పెట్టి, ఆట మాత్రమే పెట్టారు. ఆగస్టులో చెవి పూర్తిగా బాగైంది.

సెప్టెంబర్ 4న రివ్యూ. స్నానం దగ్గర 10కి 9, బయటికి వెళ్ళేటప్పుడు 8. పుస్తకం దగ్గర 3. నా గుండె జారింది, రోజూ రాత్రి మానకుండా చేసింది అదే. మేడమ్ వీడియో చూసి, వాడు నిద్రతో తూగుతున్నాడు కదండీ, ఇది మనం ఎంచుకున్న టైమ్ తప్పు అని దాన్ని కొట్టేసి, పుస్తకాన్ని పొద్దున స్నానం తర్వాతకి మార్చారు. 12 వారాల పాటు చేసింది ఫలించకపోతే ఇంకా గట్టిగా చెయ్యండి అంటారనుకున్నా, ఆవిడ అంత తేలిగ్గా మార్చెయ్యడం చూసి ఆశ్చర్యపోయా. నోట్‌బుక్‌లో మాటలు 71. "అమ్మ" ఆగస్టు 19న వచ్చింది, నేను పక్క గదిలో ఉన్నప్పుడు, మూత రాని డబ్బా పట్టుకుని.

సెప్టెంబర్ 7 నుంచి రెండో ప్లాన్, రెండు మాటలు కలపడం, అదీ నాతోనే కాకుండా అమ్మమ్మతో, నాన్నతో కూడా. ప్లే స్కూల్ టీచర్‌కి ఇవ్వడానికి ఒక పేజీ కాగితం రాసిచ్చారు, వాడికి ఎదురుగా వచ్చి మాట్లాడండి, అందరి ముందు చెప్పు చెప్పు అనొద్దు, అడిగాక కాస్త ఆగండి, అంతే ఉంది అందులో. ఈ రెండు మాటలు కలపడం మొదలుపెట్టినప్పుడు 10కి 1. మొన్న ఆదివారం లెక్కపెడితే 4, అందులో రెండు మా అమ్మతోనే: "అమ్మమ్మా రా", "బంతి ఇవ్వు". తర్వాతి రివ్యూ నవంబర్ 30.